వృత్తి: ఏం పని లేదు

పోయిన వారం పెట్రోలు బంకులో ఆ చొక్కా మళ్ళీ కనబడింది. నీలం రంగు, మోచేతి దగ్గర అతుకు, జేబు మీద ఎర్రదారంతో కుట్టిన "రమణయ్య" అన్న పేరు. ఈసారి దాన్ని చీర మీద తొడుక్కున్నది ఎవరో కొత్తావిడ. రమణయ్య ఎవరో నాకు తెలియదు, ఎప్పుడో పని మానేసి పోయిన మనిషి. అతని తర్వాత ఎనిమిదేళ్ళు ఆ చొక్కా తొడుక్కున్న మనిషి మాత్రం తెలుసు. ఆమె పోయి మూడు నెలలు కూడా కాలేదు. చొక్కా ఉతికి ఇంకొకరికి ఇచ్చేశారు. చొక్కా ఇంకా బాగానే ఉందట.

కొత్తావిడ నడుముకు గుడ్డ కూడా అలాగే దోపుకుంది. ముందున్న బండాయన సీటు పట్టుకుని బండిని అటూ ఇటూ ఊపుతూ, "మెడదాకా పొయ్యక్కా, నంద్యాల పోవాల" అంటున్నాడు. ఆవిడ ట్యాంకు మీదికి వంగి, మూత ఊడదీసిన చోట ముఖం పెట్టి చూస్తోంది.

"ఆపమ్మా! గన్ను క్లిక్ మన్నాక ఆపేయ్!" అని అరిచాను.

ఆయన నావైపు తిరిగాడు. "ఏంది మేడమ్, నా బండికి నేను పోయించుకుంటే మీకేంది కడుపునొప్పి?"

"నీ బండికి పోయించుకో నాయనా. ఆమె ముక్కులోకి పోయించొద్దు."

వరసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. కొత్తావిడ కూడా నవ్వింది. నాకు ఆ నవ్వు తెలుసు. పిచ్చిదాన్ని చూసి నవ్వే నవ్వు కాదు, గిరాకీ పోకుండా చూసుకునే నవ్వు. ఆ చొక్కాలో ముందున్నామె కూడా అలాగే నవ్వేది.

ఈ మెడ సంగతి మా గిద్దలూరు వాళ్ళకు చెప్పక్కర్లేదు. నంద్యాల దారి పట్టిన బండికి ముందంతా నల్లమల. ఘాటు రోడ్డు దిగేదాకా పెట్రోలుకు ఎవరు దిక్కు అన్న భయం మా తాతల కాలం నుంచీ ఉన్నట్టుంది. అందుకే ఇక్కడ ఎవరూ నిండా పొయ్యమనరు, మెడదాకా, అంటే ట్యాంకు మూతి అంచుదాకా పొయ్యమంటారు. ట్యాంకు నిండగానే పెట్రోలు పోసే గన్ను దానంతటది ఆగిపోతుంది. ఆగాక కూడా చుక్కచుక్కగా నొక్కించాలి. మధ్యమధ్య బండిని ఊపితే లోపలి గాలి బుడబుడమని బయటికి వస్తుంది. అంచుకు ఎంత దూరముందో పోసే మనిషి వంగి చూడాలి. చివరికి కొంచెం పొంగుతుంది. పొంగింది గుడ్డతో తుడవాలి. తుడిచిన గుడ్డ మళ్ళీ నడుముకే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పెట్రోలుతో తడిసిన గుడ్డ ఒంటికి అంటుకుని ఉంటుంది. ఇది మా ఊరు కనిపెట్టిన పద్ధతి. దీనికి మాకు బిరుదేమైనా ఇవ్వాలి.

నేను ఘాటు ఎక్కింది జన్మలో నాలుగుసార్లు, అదీ బస్సులో. ఇంటికీ కాలేజీకీ మధ్య మూడు కిలోమీటర్లు. అయినా ఎనిమిదేళ్ళు నేను కూడా స్కూటరు ఊపి మెడదాకానే పోయించుకున్నాను. కోపం వచ్చినప్పుడు ఈ ముక్క ముందు చెప్పుకోవాలి. లేకపోతే మిగతా కోపమంతా అబద్ధమవుతుంది.

ఆమె పేరు నాకు ఆసుపత్రి కాగితం చూసేదాకా తెలియదు. ఇప్పుడు తెలిసినా రాయను. ఎనిమిదేళ్ళు ఒక్కసారి కూడా పిలవని పేరును చచ్చిపోయాక వాడుకునే హక్కు నాకు లేదు. అందరికీ ఆమె అక్క. ముసలాళ్ళకు కూడా అక్కే. నన్ను మాత్రం "మేడమక్కా" అని పిలిచేది. మేడమ్ అంటే దూరం, అక్కా అంటే చనువు, రెండూ ఒక్క నోట కలిపేసి, "మేడమక్కా, జీరో చూసుకో!" అని అరిచేది. మీటరు సున్నా నుంచి మొదలైందని చూపించడం బంకు ఆచారం. ఆమె దాన్ని దేవుడికి హారతి చూపించినట్టు చెయ్యి తిప్పి చూపించేది.

బక్క మనిషి, గొంతు మాత్రం టిప్పరు హారను. ఒకసారి ఎర్రగొండపాలెం వైపు నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన బీడీ నోట్లో పెట్టుకునే బండి దిగాడు.

"బీడీ ఆర్పు మామా."

"ఆర్పుతాలేమ్మే, అయిపోయింది."

"బీడీ అయిపోయేలోపల మనం అయిపోతాం. నువ్వంటే తినాల్సింది తిన్నావు, చూడాల్సింది చూసినావు. నాకు ఇంకా ఇద్దరు పిల్లల పెండ్లిండ్లుండాయి. ఆర్పు!"

ఆయన బీడీని చెప్పు కింద వేసి నలిపాడు. "నోరు కాదు, ఫైరింజను" అన్నాడు పక్కవాడితో. ఆమెకు వినబడింది. "ఆ ఫైరింజనుకు కూడా పెట్రోలు నేనే పొయ్యాల" అంది.

ఆ బంకులో నాలుగు బోర్డులు ఉన్నాయి. పొగ తాగొద్దు, ఫోను మాట్లాడొద్దు, ఇంజను ఆపు, మంట తేవొద్దు. అంటుకునే దానికి నాలుగు బోర్డులు. పీల్చే దానికి ఒక్కటీ లేదు. నిప్పు ఒక్క క్షణంలో మనుషులతో పాటు బంకును కూడా కాలుస్తుంది కాబట్టి దానికి బోర్డు పెడతారు. నిదానంగా కాలేది మనిషి మాత్రమే అయితే బోర్డు దండగ.

ఆమె ముక్కుకు పేరుండేది. ట్యాంకరు వచ్చినరోజు నాలుగు చుక్కలు అరచేతిలో వేయించుకుని వాసన చూసేది. "ఈ పొద్దు సరుకు బాగుండాది" అనో, "ఏంది ఇట్ల ఘాటు తగ్గింది" అనో తీర్పు చెప్పేది. పరికరం పెట్టి చూసినా అదే తేలేదని బంకు యజమాని అందరికీ గొప్పగా చెప్పేవాడు. "మా అక్క ముక్కుండగా నాకు మిషనెందుకు?" ఆ మాటకు ఆమె ఎంత మురిసిపోయేదో! ఆ పొగడ్తకు ట్యాంకరు వచ్చినప్పుడల్లా ఆమె అరచెయ్యి ముక్కు దగ్గరికి పోయేది.

ఆ ముక్కే అన్నం దగ్గర పనిచెయ్యడం మానేసింది. ఒకరోజు మధ్యాహ్నం గాలి మిషను పక్కన కూర్చుని క్యారేజీ తింటోంది. అన్నం మీద మూడు పచ్చిమిరపకాయలు.

"ఇంత కారమేందమ్మా, కడుపు కాలదూ?"

"అన్నం కూడా బంకు వాసనే వస్తాది మేడమక్కా. మిరపకాయ నమిలితేనే తింటాండానని తెలుస్తాది."

నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఎందుకంటే నేను ఈ ఊళ్ళో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పే మనిషిని. ఏటేటా బోర్డు మీద ఆరు మూలల బొమ్మ గీసి, మధ్యలో సున్నా చుట్టి, "ఇది బెంజీన్" అని చెప్పేదాన్ని. పెట్రోలులో ఆ బెంజీన్ ఉంటుందని చెప్పేదాన్ని. పాఠం చివర అది కేన్సర్ కారకమని నాలుగు లైన్లు ఉంటాయి. ఎముకల మూలుగలో, రక్తం పుట్టే చోటనే అది దెబ్బ కొడుతుంది. రక్త కేన్సర్ తెచ్చేవాటిలో అనుమానం లేకుండా తేలినవాటిలో అదొకటి. ఇదంతా నాకు తెలుసు. ఆ నాలుగు లైన్ల దగ్గరికి రాగానే, "ఇవి కొట్టేయండర్రా, పరీక్షకు రావు" అనేదాన్ని. తరగతి అయిపోయాక స్కూటరేసుకుని బంకుకు పోయి, "మెడదాకా పొయ్యమ్మా" అనేదాన్ని. నా చదువుకూ నా స్కూటరు ట్యాంకుకూ మధ్య ఆ మూడు కిలోమీటర్ల దూరం కూడా లేదు.

పోయిన వేసవికి ముందు ఆమె కాళ్ళ మీద నల్లగా కమిలిన మచ్చలు చూశాను. "గన్ను తగిలినాదిలే" అంది. పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం కారుతోందంది. నిలబడలేక పంపుకు ఆనుకునేది. వీధి డాక్టరు రక్తం తక్కువని బలం సూదులు పొడిచాడు. నేనేమన్నా తక్కువ తిన్నానా? బెల్లం తిను, ఖర్జూరం తిను, బీట్రూటు తిను అని సలహాలు ఇచ్చాను. కెమిస్ట్రీ చదివినదాన్ని, బీట్రూటు చెప్పాను.

రెండు వారాలు ఆమె బంకులో కనబడలేదు. అడిగితే రక్త కేన్సరట, కర్నూలులో పెద్దాసుపత్రిలో ఉందన్నారు. ఆదివారం బస్సెక్కి పోయాను. మంచం మీద, ఆ బంకు చొక్కా లేకుండా మొదటిసారి చూశాను ఆమెను. ఇంకా బక్కగా ఉంది. పక్కన భర్త. నాలుగెకరాల భూమి, మూడు ఎండిన బోర్లు, వాటికి తోడు ఎండని పరువు ఉన్న మనిషి. మంచివాడే. కొట్టడు, తాగడు. భార్య బంకులో ఆఫీసులో కూర్చుని కంప్యూటరు చూస్తుందని బంధువులకు చెప్పుకున్నాడు. నలుగురు మగాళ్ళ ముందు నిలబడి పెట్రోలు పోస్తుందని చెప్పడానికి ఆయనకు ఎనిమిదేళ్ళు నోరు రాలేదు.

ఆమె తలగడ కింద నుంచి కాగితాలు తీసి నా చేతిలో పెట్టింది. "మేడమక్కా, చదువు. నా గురించి ఏం రాసినారో ఎవురూ చెప్పరు."

చదివాను. పేరు, వయసు, ఊరు. పొగాకు అలవాటు లేదు. ఇంట్లో ఎవరికీ ఈ జబ్బు లేదు. వృత్తి దగ్గరికి వచ్చేసరికి ఆగాను.

"ఏంది ఆగినావు?"

"గృహిణి అని రాసి ఉందమ్మా."

"అంటే?"

"ఇంట్లో ఉండే ఆడమనిషి."

ఆమె ఒక్క నిమిషం నన్ను చూసి, తర్వాత భర్తను చూసింది. "మరి ఎనిమిదేండ్లు పెట్రోలు ఎవురు పోసినారు? మా అత్తనా?"

ఆయన తల వంచుకున్నాడు. జరిగింది మెల్లగా చెప్పాడు. పేరు రాయించేచోట వెనక ఆయన పెదనాన్న కొడుకులు నిలబడి ఉన్నారు. కిటికీలో మనిషి పెద్దగొంతుతో, "మీ ఆవిడ ఏం పని చేస్తుంది?" అని అడిగాడు. ఈయన, "ఏం పని లేదు సార్, ఇంట్లోనే" అన్నాడు.

"ఏం పని లేదా?" అంది ఆమె. గొంతు టిప్పరు హారను కాదు, గాలి పోయిన ట్యూబు. "కాళ్ళు వాచిపోయేదాకా నిలబడితినే. పెద్దోడి ఫీజు ఎవురు కట్టినారు? అన్నం తింటే పెట్రోలు వాసనొస్తాదంటే ఏం పని లేదా? మారిపియ్యి. నేను చచ్చేలోపల ఆ కాయితంలో నా పని రాపియ్యి."

"అట్లనేలే" అన్నాడాయన.

మందు అడగలేదు ఆమె, ఆయుష్షు అడగలేదు. ఒక్క మాట మార్చమంది. దానికోసం ఆ ఆసుపత్రంతా తిరిగాను. వార్డులో డాక్టరు చిన్నవాడు. కళ్ళు నిద్ర లేక ఎర్రగా ఉన్నాయి. అతని మీద నాకిప్పుడు కోపం లేదు, ఆరోజు ఉంది.

"మేడమ్, ఆమె పని ఏదైనా ట్రీట్‌మెంట్ ఒకటే" అన్నాడు.

"ట్రీట్‌మెంట్ ఒకటే. కారణం ఒకటేనా?"

"ఒక్క పేషెంట్ విషయంలో దీనివల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేరు మేడమ్. ఏ కారణం లేకుండా కూడా వస్తుంది."

"ఒప్పుకుంటాను. చెప్పలేరు. కానీ ఒక్కొక్కరినీ ఇట్లా గృహిణిని చేసుకుంటూ పోతే వందమందయ్యాక కూడా చెప్పలేరు. అడగందే ఎలా తెలుస్తుంది?"

అతను కింద రిజిస్ట్రేషన్లో మార్పించుకోమన్నాడు. కింద ఉన్నాయన ఏదైనా రుజువు తెమ్మన్నాడు. ఆమె బంకులో పనిచేసినట్టు ఒక్క ముక్క కాగితం లేదు. చేతిలో జీతం, ఒంటిమీద రమణయ్య చొక్కా. రుజువంతా ఆమె రక్తంలో ఉంది, అది మాత్రం కిటికీలోంచి ఇవ్వడం కుదరదు.

రుజువు కోసం గిద్దలూరు వచ్చి బంకు యజమానిని అడిగాను. ఆయన అద్దాల గదిలో కూర్చుని ఉన్నాడు. "అక్క మంచిది మేడమ్, నేనూ ఇంత సాయం చేసినా. కాగితం మాత్రం అడగొద్దు. ఇరవై ఏండ్ల నుంచి ఈ బంకులోనే కూర్చున్నా, నాకేమన్నా వచ్చినాదా?"

"మీరు ఏసీలో కూర్చున్నారు. ఎప్పుడైనా బయటికొచ్చి ఒక్క ట్యాంకులో ముఖం పెట్టి చూశారా?"

"కొండగాలి మేడమ్. ఆవిరి గాల్లో కలిసిపోతాది."

ఎక్కడికి కలిసిపోతుందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ గది నుంచి బయటికొస్తుంటే మా ఊరంతా కొత్తగా కనబడింది. మూలనున్న మెకానిక్కు ట్యూబు నోట్లో పెట్టి పెట్రోలు లాగుతున్నాడు. అన్నానికి ముందు దాంతోనే చేతులు కడుక్కుంటాడు. ప్రింటింగు ప్రెస్సులో ముసలాయన దాంతోనే రోలర్లు తుడుస్తాడు. వీళ్ళల్లో ఎవరికైనా రేపు జబ్బు చేస్తే కాగితంలో ఏమని రాస్తారు? కూలి. అంతే. కూలి అంటే ఏ గాలి పీల్చాడో ఎవరికి తెలుస్తుంది? మనిషి ఏం తిన్నాడు, ఏం తాగాడు, తల్లిదండ్రులకు ఏ జబ్బులున్నాయి, అన్నీ అడుగుతారు. తప్పంతా వాడి నోట్లోనో వాడి వంశంలోనో ఉండాలి. వాడి చేత పని చేయించుకున్న మనలో ఉండకూడదు.

ఇంక లాభం లేదని ఆమెను ఇంటికి పంపేశారు. ఊరికి వచ్చిన నాలుగో రోజు చూడటానికి పోయాను. మాట్లాడే ఓపిక లేదు. నేను దగ్గరికి వంగితే ముక్కు కదిలించి, "మేడమక్కా, పోయించుకోని వచ్చినావు కదా?" అంది. నిజమే. దారిలో పోయించుకునే వచ్చాను. స్కూటరు వీధిలో ఉంది, అయినా ఆ ముక్కు కనిపెట్టింది. "మెడదాకా కాదులే" అన్నాను. "మారిపిచ్చినారా?" అని అడిగింది. ఆమె భర్త గడప దగ్గర నిలబడి ఉన్నాడు. నేను ఆయన వైపు చూశాను, ఆయన వీధిలోకి చూశాడు. ఆ వారం లోపే పోయింది.

పదకొండో రోజు దాటాక ఆయన పొద్దున్నే మా ఇంటికి వచ్చాడు. చేతిలో పంచాయతీ ఆఫీసు ఇచ్చిన మరణ నమోదు కాగితం. "కొంచెం రాసి పెట్టండి మేడమ్, నాకు తప్పులొస్తాయి" అన్నాడు. రాయడం మొదలుపెట్టాను. పేరు. తండ్రి పేరు. వయసు. చనిపోయిన చోటు. వృత్తి దగ్గర కలం ఆపాను.

"ఏం రాయమంటావు?"

ఆయన గోడ చూశాడు. "ఆ ఆసుపత్రిదాంట్లో ఎట్లుంటే అట్ల..."

"అది నువ్వు రాయించిన మాట. ఆమె చెప్పిన మాట నువ్వూ విన్నావు, నేనూ విన్నాను."

"మా వాళ్ళు చూస్తారు మేడమ్."

"చూడనీ."

"మీకేం మేడమ్, మీరు అట్లనే అంటారు. పోయింది ఎట్లాగూ పోయినాది. ఇప్పుడు ఊరోళ్ళ నోట్లో పెట్టి ఏం లాభం?"

  కాగితం ఆయన వైపు తిప్పి కలం చేతికిచ్చాను. "సరే. ఏం పని లేదు అని నీ చేత్తోనే రాయి. నా చెయ్యి రాయదు."

ఆయన కలం పట్టుకుని ఆ గడి మీద వంగాడు. ట్యాంకులోకి చూసినట్టే ఉంది ఆ వంగడం. తర్వాత ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ "పెట్రోలు బంకు" అని రాశాడు. గడి సరిపోలేదు. పక్కనున్న ఖాళీలోకి జరిపి "పోసే పని" అని రాశాడు. ఎవరూ అడగకుండానే దాని కింద ఇంకో ముక్క రాశాడు, "ఎనిమిదేండ్లు".

తల ఎత్తకుండా అడిగాడు. "ఇది ఎవరన్నా చదువుతారా మేడమ్?"

"తెలీదన్నా" అన్నాను. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాను.